కురుమాను మిషను గృహము

గత సంవత్సరము మా తరగతిలో డేవిడ్ లివింగ్‌స్టన్‌గారి చరిత్రము పాఠముగా చెప్పుచుంటిమి. ఆయన ఆఫ్రికా ఖండమును ఒక సముద్రమునుండి మరియొక సముద్రమువరకు దాటిన మార్గమును పటముమీద బెత్తముతో చూపుచుండగా, వెనుక బల్లమీద కూర్చున్న యొక బాలిక లేచి, "మాస్టరుగారండీ, ఆయన అన్ని సంవత్సరములు అట్లు తిరుగుచుండగా ఇంటిలో పిల్లలకు అన్నమెవరు పెట్టిరండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వుచు ఏదో చెప్పి పాఠము ముగించితిమి గాని, ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. గొప్పవారి చరిత్రములలో నదుల పేర్లును, సరస్సుల పేర్లును, తేదీలును ఉండును. పొయ్యి ఎవరు రాజేసిరో, నీళ్లెవరు తెచ్చిరో, జ్వరముతోనున్న బిడ్డప్రక్క ఎవరు మేలుకొని యుండిరో ఆ పుటలలో తరచుగా కనబడదు. కావున ఆ బాలికకు మేము బాకీపడిన జవాబును ఈ సంచికలో వ్రాయుచున్నాము. అందుకై లివింగ్‌స్టన్‌గారి అత్తమామలైన మోఫట్ దంపతుల యింటినుండి ఆరంభింపవలెను.

1. దేశమును జనులును

దక్షిణాఫ్రికా దేశమున, ఇప్పుడు ఉత్తర కేప్ అనబడు రాష్ట్రములో, కలహారి యెడారి యంచున కురుమాను అను నూరు కలదు. అక్కడ వానలు తక్కువ. కొన్ని సంవత్సరములు మేఘము కనబడుటయే అరుదు. అయినను రాళ్ల సందునుండి ఉబికివచ్చు గొప్ప ఊట యొకటి అక్కడ నున్నది. దానినుండి దినమునకు సుమారు 2 కోట్ల లీటర్ల నీరు వెలువడునని చెప్పుదురు. ఆ యెండిన నేలలో ఆ యూటయే జీవాధారము.

అక్కడి జనులు త్స్వానా జాతిలో ట్లాపింగ్ అను తెగవారు. మోఫట్ దంపతులు వచ్చిన కాలమున వారికి మోతిబి యను రాజు ఉండెను. పశువులే వారి ధనము. పశువులను మేపుటయు, వేటాడుటయు, తోళ్లను మెత్తపరచి వస్త్రములుగా కుట్టుటయు పురుషుల పనులు. నేలను త్రవ్వి జొన్నలు పండించుటయు, ఇండ్లు కట్టి కప్పు వేయుటయు స్త్రీల పనులు. ఈ సంగతిని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు నీటి తగవు వచ్చినప్పుడు దీని యవసరము తెలియును.

2. దంపతులు

రాబర్టు మోఫట్‌గారు 1795వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన స్కాట్లండులోని ఆర్మిస్టన్ అను గ్రామమున సామాన్య కుటుంబములో జన్మించిరి. ఆయన వృత్తి తోటపని. ఇంగ్లండులో ఒక నారుతోటలో పనిచేయుచుండగా, యజమాని కుమార్తె యగు మేరీ స్మిత్‌గారితో పరిచయము కలిగెను. లండన్ మిషనరీ సంఘమువారు ఆయనను 1816లో దక్షిణాఫ్రికాకు పంపిరి. మన విశాఖపట్టణమునకు 1805లో బోధకులను పంపి, తెలుగు భాషలోనికి సువార్తల భాషాంతరీకరణము ఆరంభింపజేసినదియు ఈ సంఘమే.

మేరీగారి తలిదండ్రులు కుమార్తెను అంత దూరదేశమునకు పంపుటకు మొదట సమ్మతింపలేదు. రెండేండ్లకు పైగా వేచియుండిన పిదప వారి మనస్సు కరిగెను. ఆమె 1819లో ఓడ యెక్కి, ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కేప్‌టౌన్ నగరమున మోఫట్‌గారిని వివాహమాడిరి. అక్కడినుండి కురుమాను ప్రాంతమునకు సుమారు 600 మైళ్లు. మార్గమంతయు ఎద్దుల బండిలో సాగవలెను. అది వారములకొలది ప్రయాణము. కొత్త పెండ్లికుమార్తెకు ఆ బండియే మొదటి గృహమాయెను.

ఒంటరిగా నుండిన కాలమున మోఫట్‌గారు ఇంటిపనిలో ఎంత నేర్పరియో తెలియుటకు ఒక ముచ్చట చాలును. ఆయన తల్లి బాల్యమందు ఆయనకు కుట్టుపని నేర్పి, ఇస్త్రీపెట్టె లేనప్పుడు చొక్కాను మడిచి కొయ్యతో కొట్టిన నునుపగునని చెప్పియుండెను. ఆదివారమునకు మంచి చొక్కా ధరింపవలెనని ఒక రాత్రి ఆయన చొక్కాను మడిచి, నల్లరాతిమీద నుంచి శ్రద్ధగా కొట్టిరి. విప్పి చూడగా అది రంధ్రములమయమై యుండెను! మన చాకలివారిని అడిగియుండిన, రాతిమీద బట్టను ఎట్లు బాదవలెనో చెప్పియుందురు.

3. అలికిన యిల్లు

మోఫట్ అమ్మగారు ఇంగ్లండులో చెక్క నేలగల యింటిలో పెరిగినవారు. కురుమానులో మట్టి నేల. గాలికి లేచు ధూళి, దానితో గోమారులు మొదలగు పురుగులు. అక్కడి స్త్రీలు నేలను ఆవుపేడతో అలుకుచుండిరి. ఆమె మొదట దీనిని చూచి మిక్కిలి అసహ్యించుకొనిరి. కొంతకాలము గడచిన పిదప తమ యింటివారికి వ్రాసిన లేఖలో, తామును వారమునకు ఒక సారియైనను గదులన్నియు పేడతో అలికించుచున్నామనియు, ధూళి అణగుటకును పురుగులు నశించుటకును దీనికి మించినది లేదనియు, ఆ పచ్చని రంగు కంటికి ఇంపుగా నున్నదనియు తెలిపిరి.

ఈ మాట చదివినప్పుడు మా తల్లి శనివారపు ఉదయమున పేడనీళ్ల కుండతో వాకిట వంగియుండుట మా కన్నులకు కట్టినట్లుండెను. మన యింటి ఆడవారికి తరతరములుగా తెలిసిన పనిని, సముద్రముల కావల నొక తెల్లజాతి స్త్రీ ఆ దేశమునకు వచ్చి నేర్చుకొనెను. బోధింప వచ్చినవారు మొదట నేర్చుకొనవలసిన వారైరి. మా దృష్టిలో ఆ మిషను చరిత్రమునకు నిజమైన ఆరంభము ఇదియే.

అయితే ఆ నేర్పు సులభముగా రాలేదు. ఇంటి తలుపు మూయుట అను మర్యాద అక్కడి వారికి లేదు. స్త్రీలు ఎఱ్ఱమట్టియు క్రొవ్వును పూసికొన్న దేహములతో వంటింటిలో వచ్చి కూర్చుండి, సాయంకాలమువరకు కదలకుండిరి. ఒకసారి ఆరాధనకు పోవుటకై వంటిల్లు మూయవలెనని అమ్మగారు వినయముగా చెప్పగా, ఒక స్త్రీ కొయ్యను పైకెత్తెను. అమ్మగారు వాదింపక, వంటింటిని ఆమెకే విడిచి, బిడ్డను తీసికొని ఆరాధనకు పోయిరి. వస్తువులు పోయిన పోవుగాక, మనిషితో తగవు వలదని ఆమె తలంపు.

4. నీటి తగవు

కూరగాయలు, గోధుమలు పండినగాని కుటుంబమునకు తిండి లేదు. కావున మోఫట్‌గారును, తోటి పనివాడగు వృద్ధుడు రాబర్టు హామిల్టన్‌గారును నదినుండి కొన్ని మైళ్ల దూరము ఇసుక నేలలో కాలువ త్రవ్విరి. ఊరి స్త్రీలు అది చూచి, తమ తోటలకును నీరు కావలెనని కాలువకు గండ్లు కొట్టుకొనిరి. మిషను గృహమునకు వంటకు సహితము చుక్క నీరు రాని దినములు వచ్చెను. మోఫట్‌గారును హామిల్టన్‌గారును వంతులు వేసికొని, ఎఱ్ఱటి యెండలో పార భుజమున వేసికొని మైళ్లు నడిచి గండ్లు పూడ్చివచ్చి, రాత్రివేళ మొక్కలకు నీళ్లు కట్టుచుండిరి. తుదకు స్త్రీలు కోపించి, గునపములతో పోయి ఆనకట్టనే తెగగొట్టిరి. దానివలన వారి తోటలకును నీరు లేకపోయెను.

ఈ కథను పూర్వకాలపు పుస్తకములు ఒక ప్రక్కనుండియే చెప్పినవి. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో చివరి పొలము గల రైతు ఎండకాలమందు పడు బాధ తెలిసిన వారికి రెండవ ప్రక్కయు కనబడును. ఆ దేశమున నేల పండించుట స్త్రీల భారమని పైన చెప్పితిమి గదా. నీరు వారి దేశపు నీరు. ఆకలి వారి బిడ్డల ఆకలి. మోఫట్‌గారి శ్రమ సత్యమే. ఆ స్త్రీల అక్కరయు సత్యమే.

పిదప క్షామము వచ్చెను. ఈ పరదేశులు వచ్చినందున వాన వెళ్లిపోయినదని జనులు తలంచిరి. ఒక దినమున పెద్దమనిషి యొకడు ఈటె చేతబట్టి, కొందరిని వెంటబెట్టుకొని వచ్చి, దేశము విడిచి పొమ్మని ఆజ్ఞాపించెను. అమ్మగారు బిడ్డను చంకనెత్తుకొని గుమ్మమున నిలిచియుండిరి. మోఫట్‌గారు తమ చొక్కా తెరచి రొమ్ము చూపి, మేము పోము, పంపవలెనన్న చంపియే పంపుడని శాంతముగా పలికిరి. ఆ పెద్ద తల యూపి, చావునకు వెరవని వీరికి పది ప్రాణములుండవలెనని తనవారితో చెప్పి మరలిపోయెను. చరిత్రకారులు ఈ దృశ్యమున మోఫట్‌గారి ధైర్యమునే చాటుదురు. మేము మా విద్యార్థులను గుమ్మమువైపు చూడుమని కోరుదుము. రొమ్ము చూపినవారికి తన ప్రాణభయమొకటే. బిడ్డ నెత్తుకొని నిలిచిన తల్లికి ఎన్ని భయములుండెనో!

1823 జూను మాసమున శత్రుసేనలు ఆ ప్రాంతముమీదికి రాగా, మోఫట్‌గారు ముందుగా సంగతి తెలిసికొని, గ్రీక్వావారి సహాయమును రప్పించిరి. అప్పటినుండి జనులు వారిని తమవారిగా ఎంచసాగిరి. 1824లో మిషను ఊటకు సమీపమున మంచి స్థలమునకు మారెను.

5. భాష

మొదటి సంవత్సరములలో మోఫట్‌గారు డచ్చి భాషలో పలుకగా దుబాసీ త్స్వానా భాషలో చెప్పుచుండెను. ఆత్మరక్షణ గొప్ప విషయమని ఆయన చెప్పగా, దుబాసీ దానిని గొప్ప గోనెసంచి యని మార్చి చెప్పెనట! ఇట్టి తప్పులు తెలిసినప్పుడు ఆయన సిగ్గుపడి, 1827లో భార్యాబిడ్డలను కురుమానులో విడిచి, డచ్చి మాట వినబడని దూరపు పల్లెలలో సుమారు పది వారములు జనులతో కలిసి తిని, కలిసి పరుండి భాష నేర్చుకొనిరి. ఆ పది వారములు ఇల్లు, తోట, బడి, రోగులు ఎవరి చేతిలో నుండెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1829 మొదలు ఆయన మతబేలే రాజగు మ్జిలికాజి యొద్దకు అయిదు పర్యాయములు దూరప్రయాణములు చేసినప్పుడును అట్లే జరిగెను.

లూకా సువార్త త్స్వానా భాషలో 1830లో కేప్‌టౌన్‌లో అచ్చయ్యెను. మోఫట్‌గారు అచ్చుపని తామే నేర్చుకొని, 1831లో చేతి అచ్చుయంత్రమును బండిమీద కురుమానునకు తెచ్చిరి. 1857 నాటికి బైబిలు సంపూర్ణముగా అక్కడనే ముద్రింపబడెను. రాతితో కట్టిన గొప్ప ఆలయము 1838లో ముగిసెను. దాని కప్పు దూలములు సుమారు 200 మైళ్ల దూరమునుండి ఎద్దుల బండ్లమీద వచ్చినవి.

అమ్మగారి విశ్వాసమును గూర్చి ఒక సంగతి చెప్పక మానరాదు. ఎన్నో సంవత్సరములు పనిచేసినను ఒక్కరును బాప్తిస్మము పొందని కాలమున, ఇంగ్లండులోని ఒక స్నేహితురాలు, మీకు ఏ వస్తువు పంపుదునని వ్రాసి యడిగెను. అమ్మగారు వస్త్రములు అడుగలేదు, పాత్రసామగ్రియు అడుగలేదు. ప్రభురాత్రి భోజనపు పాత్రలను పంపుమని, అవి ఒకనాటికి కావలసివచ్చునని వ్రాసిరి. ఆ పెట్టె త్రోవలో బహుకాలము నిలిచిపోయెను. 1829లో మొదటి ఆరుగురు బాప్తిస్మము పొంది, మొట్టమొదటి ప్రభురాత్రి భోజనము జరుగనుండగా, దానికి ముందటి దినముననే ఆ పెట్టె వచ్చి చేరెను.

6. రెండవ తరము: కొలొబెంగు దినచర్య

మోఫట్ దంపతులకు పదిమంది సంతానము. వారిలో కొందరు బాల్యమందే చనిపోయిరి. పెద్దకుమార్తె మేరీ 1821లో జన్మించి, త్స్వానా పిల్లలతో ఆడుచు వారి భాషను తల్లిభాషతో సమానముగా నేర్చుకొనెను. 1841లో కురుమాను చేరిన డేవిడ్ లివింగ్‌స్టన్‌గారు 1844లో ఆ తోటలోని బాదముచెట్టు క్రింద ఆమెను వివాహమునకు అడిగిరి. 1845 జనవరిలో వివాహమాయెను. 1847 మొదలు వారు, నేడు బోట్స్వానా దేశములోనున్న కొలొబెంగులో, సెచెలె రాజు ప్రజలమధ్య నివసించిరి. అక్కడి దినచర్యను లివింగ్‌స్టన్‌గారు 1857లో ప్రకటించిన తమ గ్రంథములో వివరించిరి. దానిని మేము సంగ్రహముగా చెప్పుచున్నాము.

సూర్యోదయముతో లేచుట. కుటుంబ ప్రార్థనయు ఉపాహారమును ముగించి, ఆరు ఏడు గంటల మధ్య బడికి పోవుట. ఆ బడికి పురుషులు, స్త్రీలు, పిల్లలు ఎవరైనను రావచ్చును. పదునొకండు గంటలకు బడి ముగియును. తరువాత భర్త కమ్మరియో, వడ్రంగియో, తోటమాలియో అగును. ఊరివారికి పనిముట్టు బాగుచేసియిచ్చిన, వారు బదులుగా తోటలో పనిచేయుదురు. భార్య ఇంటిపని చూచును. భోజనమైన పిదప ఒక గంట విశ్రాంతి. అటుపిమ్మట ఆమె చిన్నపిల్లల బడి నడపును. ఎవరును బలవంతపెట్టకపోయినను సుమారు నూరుమంది పిల్లలు పరుగెత్తుకొని వచ్చుచుండిరి. కొన్ని దినములు ఆడపిల్లలకు కుట్టుబడి. ప్రొద్దు గ్రుంకిన పిదప భర్త ఊరిలోనికి పోయి జనులతో మాటలాడును. వారములో మూడు రాత్రులు, ఆవుల పాలు పితుకుట ముగిసి చీకటిపడగానే ఆరాధన. ఒక రాత్రి పటములు చూపి లోకజ్ఞానము బోధించుట.

ఈ పట్టికలో ఇంటిపని యని ఒక్కమాటగా చెప్పబడిన దానిని విప్పి చూడవలెను. రొట్టెకు గోధుమలు ఇంటనే విసరుకొనవలెను. పొయ్యికి బదులు పెద్ద చెదపుట్టను తొలిచి, లోపల మంట పెట్టి, వేడెక్కిన పిదప రొట్టె నుంచి రాతిపలకతో మూయుదురు. ఒక జాతి మొక్కను కాల్చిన బూడిదతో సబ్బు, క్రొవ్వుతో క్రొవ్వొత్తులు, పాలు చిలికి వెన్న. అంగడి వందల మైళ్ల దూరము. క్షామకాలమున మిడుతలను, పెద్ద కప్పలను సహితము వండుకొని తినిరి. పిల్లలు వాటిని ఇష్టముగా తినిరట. ఇవన్నియు చేయు స్త్రీ మరల మధ్యాహ్నమున నూరుమంది పిల్లలముందు నిలిచి అక్షరములు చెప్పవలెను. అప్పటికి ఆమెకు ఇరువది యారేండ్లు, చంకలో పసిబిడ్డ.

7. వెల

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వచ్చుచున్నాము. 1850లో లివింగ్‌స్టన్‌గారు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని ఉత్తరమున న్గామి సరస్సుకు పోయిరి. పిల్లలకు జ్వరము తగిలెను. తిరిగివచ్చిన పిదప పుట్టిన ఎలిజబెత్ అను శిశువు కొన్ని వారములకే మరణించెను. మరుసటి సంవత్సరము గర్భవతియగు భార్యతో ఆయన మరల బయలుదేరనుండగా, అత్తగారైన మోఫట్ అమ్మగారు కఠినముగా ఒక లేఖ వ్రాసిరి. ఒక బిడ్డను పోగొట్టుకొనినది చాలదా, తల్లిని బిడ్డలను మరల అడవిపాలు చేయుదువా యని ఆమె ప్రశ్నించిరి. అయినను ప్రయాణము జరిగెను. దారిలో నదియొడ్డున ఒక కుమారుడు జన్మించెను.

1852లో ఆయన భార్యను, నలుగురు పిల్లలను ఇంగ్లండునకు పంపివేసి, ఒంటరిగా ఖండము దాటుటకు పోయిరి. ఆ సంవత్సరముననే కొలొబెంగు గృహము బోయర్లచేత దోచుకొనబడెను. ఆఫ్రికాలో పుట్టి పెరిగిన ఆ తల్లి, తనకు పరాయిదేశమైన బ్రిటనులో స్థిరమైన యిల్లు లేక, చాలినంత ధనము లేక, నాలుగేండ్లకు పైగా బిడ్డలను పోషించెను. పిల్లలకు అన్నమెవరు పెట్టిరన్న ప్రశ్నకు జవాబు ఇదియే. 1862 ఏప్రిలు 27వ తేదీన ఆమె జాంబెజీ నదీతీరమున షుపంగాలో జ్వరముచేత మరణించెను. పెద్దకుమారుడు రాబర్టు 1864లో అమెరికా అంతర్యుద్ధమున ఖైదీగా చనిపోయెను.

లివింగ్‌స్టన్‌గారు తమ తప్పు నెఱుగనివారు కారు. తమకు ఒక విచారము మిగిలెనని ఒప్పుకొనిరి. పగలంతయు పరుల పిల్లలకు బోధించి అలసిపోయి, సాయంకాలమున తమ పిల్లలతో ఆడుకొనుటకు శక్తి లేకపోయెననియు, ఆడుకొనవలెనని తోచునప్పటికి వారు పెద్దవారై దూరమైపోయిరనియు వారి భావము. ఈ మాటను చదివి మేము పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుంటిమి. మేమును ఉపాధ్యాయులమే. బడి పిల్లల కాపీపుస్తకములు రాత్రివేళ దిద్దుచు, ప్రక్కన నిలిచి పిలుచు మా బిడ్డతో "రేపు" అని యెన్నిసార్లు చెప్పితిమో లెక్కలేదు.

8. ముగింపు

మోఫట్ దంపతులు 1870 మార్చి మాసమున, సుమారు ఏబది సంవత్సరముల సేవ పిదప, కురుమాను విడిచిరి. అమ్మగారు 1871 జనవరిలోను, మోఫట్‌గారు 1883 ఆగస్టు 9వ తేదీనను ఇంగ్లండులో మరణించిరి. వారు కట్టిన ఆలయము కురుమానులో నేటికిని నిలిచియున్నది.

చదువరులారా, మిషను అనగా ఆలయము, బడి, అచ్చుయంత్రము మాత్రమే కాదు. అలికిన నేల, పూడ్చిన గండి, చెదపుట్టలో కాలిన రొట్టె, గుమ్మమున నిలిచిన తల్లియు మిషనే. మీ బడి చరిత్రలోను ఇట్టి చేతులున్నవి. వసతిగృహమున వేకువజామున మీకు గంజి కాచినవారి పేరు ఏ రాతిపలకమీదను చెక్కబడియుండదు. వారి పేరు కనుగొని జ్ఞాపకముంచుకొనుడు. తలిదండ్రులారా, సేవ యెంత గొప్పదైనను, ఇంటిలోని బిడ్డకు చెందిన సాయంకాలమును దానికై పూర్తిగా ఖర్చు పెట్టవలదని, ఆ గొప్పవాని విచారమే మనకు బోధించుచున్నది.

వెనుక బల్లమీది బాలికకు మా వందనములు. ఆమె అడుగకున్న మేమును ఈ పాఠము నేర్చుకొనకుందుము.

విద్యార్థులు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. కురుమాను స్త్రీలు కాలువకు గండికొట్టుట తప్పా? ఇరుపక్షముల న్యాయమును వ్రాయుము.
2. మోఫట్ అమ్మగారు ఆ దేశమునకు వచ్చి నేర్చుకొనిన దేమి? మన యిండ్లలో దానిని పోలిన పని యేది?
3. కొలొబెంగు దినచర్యలో భర్త పనులను, భార్య పనులను వేరువేరుగ వ్రాసి, గంటలు లెక్కింపుము.
4. మీ యింటిలో అందరికంటె ముందు లేచువారెవరు? వారి దినచర్యను ఒక పుటకు మించకుండ వ్రాయుము.